హ్వా గారి తలకట్టు

లాయ్ వచ్చేసరికి ల్యూ ఒక చేత్తో నూడుల్స్ తింటూ రెండో చేత్తో ప్రింటర్‌ను కొడుతోంది. పొద్దుటినుంచి అది కాగితాన్ని లోపలికి లాగడం, నలిపి ముద్దచేసి ఉమ్మెయ్యడం తప్ప ఇంకో పని చెయ్యలేదు. సాదెక్ పట్టణం మొత్తానికి ప్రైవేటు డిటెక్టివ్ అంటే ల్యూ ఒక్కతే. యాభై దాటిన పొట్టి మనిషి. అనుమానించే భర్తలకూ, అనుమానించాల్సిన భర్తలున్న భార్యలకూ ఆవిడ ఫోన్ నంబరు కంఠతా వచ్చు. ఆవిడ దగ్గర సహాయకుడిగా కుదిరిన టాన్ అంతకుముందు లాంచీ నడిపేవాడు. ల్యూ ఏం చేసినా దాని వెనక ఏదో లోతైన ఆలోచన ఉంటుందని అతని గట్టి నమ్మకం. ఆవిడ ప్రింటర్‌ను చెప్పుతో కొట్టినప్పుడు కూడా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

వచ్చిన పిల్లకు పాతికేళ్లు దాటి ఉంటాయి. వానకోటు విప్పలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నేను దొంగతనం చెయ్యలేదని మీరు కనిపెట్టాలి పిన్నిగారూ,” అంది.

“చేసినవాణ్ణి కనిపెట్టమంటే కనిపెడతాను గాని, చెయ్యలేదని కనిపెట్టమంటే గాలిని మూటగట్టమన్నట్టే ఉంటుంది. ముందు కూర్చో. ఏం పోయింది?”

“ఒక ముసలావిడ ముఖం.”

ల్యూ నూడుల్స్ గిన్నె కింద పెట్టింది. టాన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

లాయ్ కాలవగట్టు మీద క్వాంగ్ ఫోటో స్టూడియోలో పనిచేస్తుంది. ఇళ్లలో పెద్దల పీఠం మీద పెట్టి ధూపం వేసుకునే ఫోటోలను బాగుచెయ్యడం ఆమె పని. చెదలు తిన్న చెవులూ, వరదనీళ్లలో కరిగిపోయిన గడ్డాలూ ఆమె చేతిలో మళ్లీ మొలుస్తాయి. ఆ వారం ఇటుకబట్టీ యజమాని దోన్ చనిపోయిన తన తల్లి హ్వా గారి ఫోటో తెచ్చాడు. ఆవిడ జన్మలో తీయించుకున్న ఫోటో అదొక్కటే. అది కూడా తడిసి అద్దానికి అంటుకుపోయింది. లాయ్ తెలివిగా ముందు అద్దం మీదుగానే కెమెరాతో తీసుకుంది. తర్వాత అందరి ఎదుటా మెల్లగా ఊడదీయబోతే ముఖమంతా పొడిపొడిగా రాలిపోయింది. ఇక మిగిలింది కంప్యూటర్‌లో ఉన్నదే.

దాన్ని బాగుచేసి, స్టూడియోలో అన్ని కంప్యూటర్లకూ కలిపి ఫైళ్లు దాచే పెట్టెలో హ్వా అన్న ఫోల్డర్‌లో పెట్టింది. తన కంప్యూటర్‌లో గాని కెమెరాలో గాని నకలు ఉంచుకోలేదు. ఖాతాదారుల ఫోటోలు ఎవరి దగ్గరా ఉండకూడదని క్వాంగ్ కట్టడి. సాయంత్రం క్వాంగ్ తన కంప్యూటర్‌లోంచి అదే ఫోల్డర్ తెరిచాడు. లోపల ఏమీ లేదు.

వంతెన అవతల కొత్తగా పెట్టిన స్టూడియోవాళ్లు లాయ్‌ను రమ్మంటున్నారని ఊళ్లో అందరికీ తెలుసు. అందుకని మర్నాడు ఫోటో కోసం వచ్చిన దోన్‌ను చూడగానే క్వాంగ్ క్షణం ఆలోచించకుండా, పనితనానికి నమూనాగా చూపించడానికి ఈ పిల్లే పట్టుకుపోయిందని అతని మొహం మీదే చెప్పేశాడు.

“ఎల్లుండి ఆవిడ పోయిన నూరోరోజు కర్మ,” అంది లాయ్. “ఖాళీ చట్రానికి దండం పెట్టుకోవాలా అని దోన్ గారు నన్నే అడిగారు. చచ్చిపోయినవాళ్ల ఫోటో దొంగిలించిందన్న పేరొస్తే ఈ ఊళ్లో నన్నెవరు గడప తొక్కనిస్తారు? మా అమ్మ కూడా నావంక అదోలా చూస్తోంది.”

ల్యూ చెప్పు కాలికి తొడుక్కుంది. ప్రింటర్‌కు ఆ పూటకు సెలవు దొరికింది.

స్టూడియోలో ముందు గదిలో క్వాంగ్ వాడే విండోస్ కంప్యూటర్, వెనక గదిలో లాయ్ వాడే మ్యాక్ ఉన్నాయి. రెండింటికీ మధ్య నేలమీద, సిరిదేవుడి చిన్న పీఠం పక్కన, అందరి ఫైళ్లూ దాచే నల్లపెట్టె ఉంది. దాని లోపల నడిచేది లినక్స్. దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని అగరొత్తుల బూడిద ఊదుతున్నాడు మెకానిక్ హేన్. వాళ్ల భాషలో ఆ పేరుకు అదృష్టమని అర్థం. కళ్లు చూస్తే రాత్రి నిద్రపోయినట్టు లేవు.

“ఈ మూడింటికీ మూడు మతాలక్కా,” అన్నాడు హేన్ ఏడుపొక్కటే తక్కువగా. “విండోస్ పిలిస్తే పెట్టె పలకదు. మ్యాక్ పిలిస్తే పలుకుతుంది, మర్నాటికి మరిచిపోతుంది. పాస్‌వర్డ్ మార్చాను, తీసేశాను, మళ్లీ పెట్టాను. అడ్డుగోడలన్నీ ఆపేశాను. ఎప్పుడు తెరిచినా మీకు అనుమతి లేదు, అనుమతి లేదు అని ఒకటే పాట. చివరికి విసుగెత్తి పోయిన నెలలోనే అందరికీ అన్నీ ఇచ్చిపారేశాను. అప్పట్నుంచి హాయిగా తెరుచుకుంటోంది. ఈ ఫోటో ఎటుపోయిందో మాత్రం రెండు రాత్రులుగా వెతికినా దొరకట్లేదు.”

“అన్నీ అంటే?”

“చూడొచ్చు, రాయొచ్చు, చెరపొచ్చు.”

“ఎవరు చెరిపారో తెలుస్తుందా?”

“అందరూ ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో వెళ్తారక్కా. పెట్టె లెక్కలో ఈ ఇంట్లో ఉన్నది ఒక్క మనిషే.”

“అంటే తాళాలన్నీ వీధిలో పారేసి, దొంగెవరని ఆ పిల్లను అడుగుతున్నారన్నమాట,” అంది ల్యూ.

ఆ మాట వినబడనట్టు నటించాలని క్వాంగ్ ప్రయత్నించాడు గాని, అతనిది దాచుకోగల మొహం కాదు. లావుగా, చెమటలు కక్కుతూ, మాట్లాడే ప్రతి మాటకూ ముందో నిట్టూర్పు పెట్టే మనిషి. ఈ పెట్టె కొన్న ముహూర్తం మంచిది కాదని మొదలుపెట్టి, అది మనుషుల్ని మింగుతుందనేదాకా పోయాడు. ఇంతకుముందు కూడా మింగిందా అని ల్యూ అడిగింది. మింగింది. థ్వీ గారి ఫోటో ఒకసారి, ల్వీ గారి ఫోటో ఒకసారి. అప్పుడు అసలు ఫోటోలు చేతిలో ఉన్నాయి కాబట్టి లాయ్ మళ్లీ కూర్చుని చేసింది, ఎవరూ గొడవ చెయ్యలేదు.

“ఎప్పట్నుంచి మింగుతోంది?”

క్వాంగ్ నిట్టూర్చాడు. మొదట్లో ఫోల్డర్లకు నంబర్లు ఉండేవట. చనిపోయినవాళ్లు జైలు ఖైదీలా, నంబర్లు వెయ్యడానికి అని వాళ్లమ్మ పట్టుబడితే, ఈమధ్యే పేర్లు పెట్టడం మొదలుపెట్టారు. పని ఒప్పుకోగానే అతను పేరు కొట్టి ఫోల్డర్ తెరుస్తాడు. లాయ్ తన మ్యాక్‌లో అదే పేరు కొట్టి వెతుక్కుంటుంది. కనబడకపోతే, యజమాని మరిచిపోయి ఉంటాడనుకుని తనే ఒకటి తెరుచుకుంటుంది. అతను మరిచిపోవడం కూడా మామూలే.

“మిన్, లాన్, తామ్, ఇలాంటి పేర్లవాళ్లవి పోయాయా?”

“ఒక్కటీ పోలేదు,” అన్నాడు క్వాంగ్.

ల్యూ అతని తెరవైపు వంగి చూసింది. అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. కళ్లు సరిగా కనబడవా అని అడిగింది. తన కళ్లకేం రోగం లేదని, మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి రోజూ అక్షరాలు వాటంతటవే ఇలా ఉబ్బి ఉంటాయని, తను విసుక్కుంటూ మళ్లీ చిన్నవి చేసుకుంటానని, నిన్న అంత ఓపిక కూడా లేక వదిలేశానని క్వాంగ్ చెప్పాడు. దయ్యం పెట్టెలో కాదు, కంప్యూటర్‌లో ఉందని టాన్‌కు అప్పుడే నిశ్చయమైపోయింది.

ఇంతలో లోపలినుంచి క్వాంగ్ తల్లి న్యాన్ టీచరమ్మ చామంతి టీ తెచ్చింది. ఎప్పుడో బడిలోంచి రిటైరయినా నిటారుగా నడిచే మనిషి. జేబుకు ఎర్రకలం ఇంకా ఉంది. టీ ఇచ్చాక టాన్ చేతిలోని విజిటింగ్ కార్డు తీసుకుని చదివి, ఒక గుర్తు దిద్ది తిరిగిచ్చేసింది. గోడమీద దోన్ బట్టీవాళ్లు పంచిన క్యాలెండరుకూ అదే వైద్యం జరిగి ఉంది. దానిమీద శాంతి అనే అర్థమొచ్చే హ్వాబిన్ అన్న మాట మీద ఎర్రగీత మెరుస్తోంది.

ఆ హ్వా అన్నదాన్ని వాళ్లు హెచ్, ఓ, ఏ అని మూడక్షరాలతో రాస్తారు. గొంతు కిందికి దించాలని చెప్పడానికి పైన ఒక వాలుగీత పెడతారు. మన తలకట్టులాంటిదే అనుకోవచ్చు. అది ఓ నెత్తిన పెట్టాలని పాత బడివాళ్లు, కాదు ఏ నెత్తిన పెట్టాలని కొత్త బడివాళ్లు. చదివితే రవ్వంత తేడా ఉండదు. అయినా ఈ గీత మీద పెళ్లివిందుల్లో గిన్నెలు తోసేసి లేచిపోయిన బంధువులున్నారు.

“ఏ మీద పెట్టారు దరిద్రులు,” అంది టీచరమ్మ క్యాలెండరు చూపించి. “జీవితమంతా పిల్లల పుస్తకాలు దిద్దినదాన్ని. తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదమ్మా.”

“కంప్యూటర్ కూడా వాడతారా టీచరమ్మగారూ?”

“ఆ మాయదారిదాన్ని నేను ముట్టుకోను.”

తర్వాత ల్యూ వెనక గదిలోకి వెళ్లి లాయ్‌తో ఏదో గుసగుసలాడింది. లాయ్ తన మ్యాక్‌లో ల్వీ అన్న పేరుతో కొత్త ఫోల్డర్ తెరిచి, అందులో ఒక ఫోటో పెట్టింది. తీరా చూస్తే అది పొద్దున ల్యూ సగం తిని వదిలేసిన నూడుల్స్ గిన్నె ఫోటో. టాన్ ఎందుకని అడగలేదు. అడిగితే తిడుతుందని తెలుసు. హేన్‌ను భోజనానికి ఇంటికి పంపేసి, లాయ్‌ను వెంటబెట్టుకుని ల్యూ కూడా బయటికి వెళ్లింది. పోతూ పోతూ, క్వాంగ్ కునుకు తీసేంతసేపూ కళ్లార్పకుండా అతన్నే చూస్తూ కూర్చోమని టాన్‌కు పని పురమాయించింది.

పెరటి వసారాలో వల ఉయ్యాల. దాంట్లో క్వాంగ్. డీజిల్ లాంచీ ఇంజనే ఇంతకంటే మెత్తగా మోగుతుందనిపించింది టాన్‌కు. ముందు గది అక్కణ్ణుంచి కనబడదు. ఆకలి దంచుతోంది. గొప్ప డిటెక్టివ్ దగ్గర పనిచేస్తూ పెద్దమనిషి గురక కాపలా కాయడమేమిటని అతనికి ఒళ్లు మండింది. ముందు గదిలో ఒకసారి కుర్చీ జరిగిన చప్పుడైంది గాని, కళ్లు తిప్పొద్దన్నారు కాబట్టి తిప్పలేదు.

ల్యూ తిరిగొచ్చి తెర ముందు నిలబడింది. అక్షరాలు పొద్దుటికంటే ఉబ్బి ఉన్నాయి. నూడుల్స్ గిన్నె ఉన్న ఫోల్డర్ లేదు.

“హేన్ పనే అక్కా,” అన్నాడు టాన్. “రోజూ ఏదో ఒకటి పోతేనేగా వాణ్ణి మళ్లీ మళ్లీ పిలుస్తారు? ఇంటికెళ్లినట్టు వెళ్లి దొడ్డిదారిన వచ్చుంటాడు.”

“హేన్ ఒక పాస్‌వర్డ్ సరిగ్గా పెట్టలేడు, దొడ్డిదారి వాడికెలా దొరుకుతుందిరా,” అంది ల్యూ. “దోన్ గారిని పిలువు. అందరూ ఉండాలి. ఆ పిల్లను ఎవరి ఎదుట అన్నారో వాళ్లు తప్పకుండా ఉండాలి.”

సాయంత్రం ముందు గదిలో అందరూ చేరారు. దోన్ బట్టీ దుమ్ము దులుపుకోకుండానే వచ్చాడు. లాయ్‌వైపు చూడకుండా కుర్చీ ఎంచుకున్నాడు. లాయ్ గుమ్మం పక్కన నిలబడింది. హేన్ పెట్టెను ఒళ్లో పెట్టుకోలేదనే గాని అంత పనీ చేశాడు. టీచరమ్మ కొడుకు వెనక కూర్చుంది.

ల్యూ క్వాంగ్‌ను హ్వా అని కొట్టమంది. అతను హెచ్, ఓ, ఏ కొట్టి, వాలుగీత కోసం ఎఫ్ నొక్కాడు. లాయ్ కూడా తన మ్యాక్‌లో అవే నాలుగు మీటలు నొక్కింది. రెండు తెరల్నీ ఫోటో తీసి, ల్యూ ఆ ఫోన్ దోన్ చేతికిచ్చింది.

“ఏమైనా తేడా ఉందా దోన్ గారూ?”

దోన్ ఫోన్ దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. “ఈ గీత ఇక్కడ ఓ మీదుంది. ఆ పిల్లదాంట్లో ఏ మీదుంది.”

“అంతే. నొక్కిన మీటల్లో తేడా లేదు. ఇక్కడి విండోస్ పాత బడిది. గీతను తనే తీసుకెళ్లి ఓ మీద పెడుతుంది. వెనక గదిలోది కొత్త బడిది. మనకు రెండూ హ్వానే. ఈ పెట్టెకు చదవడం రాదు, పోల్చడమే వచ్చు. గీత జరిగితే దానికి పేరే మారినట్టు. అందుకని క్వాంగ్ తెరిచిన హ్వా ఆ పిల్లకు కనబడలేదు, తను ఇంకో హ్వా తెరుచుకుంది. థ్వీ, ల్వీ కూడా గీత ఎక్కడ పెట్టాలా అని తగువుండే పేర్లే. మిన్‌కూ లాన్‌కూ ఆ తగువు లేదు. అందుకే అవి ఎప్పుడూ పోలేదు.”

హేన్ నోరు తెరిచాడు. రెండు రాత్రులు తను గోడలు పగలగొట్టుకుంటూ పోయిన చోట తలుపు అసలు మూసే లేదని అతనికి ఇప్పుడే తెలిసింది.

“అయితే రెండో ఫోల్డర్ ఉండాలిగా,” అన్నాడు క్వాంగ్. “అదేదీ?”

“ఎవరో చెరిపారు. హేన్ పుణ్యమా అని ఎవరైనా చెరపొచ్చు. కానీ ఎవరు చెరుపుతారు? దొంగ అయితే ఫోటో ఒక్కటి తీసుకుని పోతాడు, ఫోల్డర్‌తో వాడికేం పని? ఇది ఒకే పేరు రెండుసార్లు కనబడితే, అందులో ఒకటి తప్పని తోచి, తప్పును కొట్టేసిన మనిషి పని. చిన్న అక్షరాలు ఆనని మనిషి. క్వాంగ్ నిద్రపోయేటప్పుడు ఈ కుర్చీలో కూర్చునే మనిషి. ఇవాళ మధ్యాహ్నం నేను పెట్టించిన ల్వీ కూడా పోయింది. అప్పుడు క్వాంగ్ టాన్ కళ్లెదుట గురక పెడుతున్నాడు. హేన్ ఇంట్లో అన్నం తింటున్నాడు, వాళ్లావిణ్ణి అడిగాను. లాయ్ నా పక్కనుంది.”

క్వాంగ్ మెల్లగా మెడ తిప్పి తల్లివైపు చూశాడు.

“పేర్లు తప్పుల్లేకుండా ఉన్నాయా అని రోజూ చూస్తాను,” అంది టీచరమ్మ. గొంతు బడిలో పాఠం చెప్పినట్టే ఉంది గాని చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. “ఫోటో కింద తప్పు పేరు పడితే పోయినవాళ్లకు అవమానం. రెండుంటే తప్పుగా ఉన్నది తీసేశాను. లోపలేముందో చూడలేదు.”

“దానికి మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు టీచరమ్మగారూ,” అంది ల్యూ. “కానీ మర్నాడు ఇదే గదిలో ఆ పిల్లను దొంగ అంటుంటే మీరు లోపలే ఉన్నారు. మీకు అప్పుడే అర్థమైంది. అందుకే నాతో ఈ యంత్రాన్ని ముట్టుకోనన్నారు. మరి ఇవాళ కూడా ఎందుకు చెరిపారు?”

“భయమేసింది. మళ్లీ రెండు ల్వీలు కనబడేసరికి, మీరు చూస్తే నాదాకా వస్తుందని.” ఆవిడ జేబుకున్న ఎర్రకలం తడుముకుంది. “నా తప్పు నేను దిద్దుకోవడం నాకెప్పుడూ అలవాటు లేదమ్మా.”

ల్యూ హేన్‌వైపు తిరిగి, విండోస్‌లోంచి చెరిపితే ఈ కంప్యూటర్ చెత్తబుట్టలోకి రాదు సరే, పెట్టెకు సొంతంగా చెత్తబుట్ట ఉండదా అని అడిగింది. ఉంటుందని హేన్ ఒప్పుకున్నాడు. అది పెట్టెను పెట్టినవాడికి తప్ప ఎవరికీ కనబడదన్నాడు. పెట్టినవాడెవరని అడిగింది. హేన్ చెవులు ఎర్రబడ్డాయి. అన్నీ చేశానన్న మనిషి ఇదొక్కటీ చూడలేదు. ఆ గదిలో ల్యూ గొంతు పెంచింది ఆ ఒక్కసారే, అదీ రాయడానికి వీల్లేని మాటలతో.

హేన్ చెత్తబుట్ట తెరిచాడు. నూడుల్స్ గిన్నె ముందు వచ్చింది. దాని కింద హ్వా.

తెరమీద ఒక ముసలమ్మ అందరివైపూ చూసింది. బుగ్గమీద చిన్న మచ్చ, కెమెరా అంటే భయపడినట్టు బిగించిన పెదవులు. దోన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటే బట్టీ దుమ్ము మొహమంతా అయింది.

టీచరమ్మ కూడా లేచింది. కొడుకు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. దోన్ ఎదుటికొచ్చి నిలబడి, “ఈ పిల్ల దొంగ కాదు బాబూ. చెరిపింది నేను. దొంగ అంటుంటే విని ఊరుకున్నది కూడా నేనే,” అంది. తర్వాత లాయ్‌వైపు తిరిగి తల వంచింది. ఆ వయసు మనిషి ఆ వయసు పిల్లకు తల వంచడం సాదెక్‌లో ఎవరూ చూసి ఉండరు. లాయ్ అప్పటిదాకా ఆనుకున్న గుమ్మాన్ని వదిలి గదిలోకొచ్చింది.

ఇక ఫోటో కింద పేరు వెయ్యాలి. టీచరమ్మ అలవాటు చొప్పున నోరు తెరిచి, మూసుకుని, చివరికి దోన్‌నే అడిగింది, మీ అమ్మగారు తన పేరు మీద గీత ఎక్కడ పెట్టేవారని.

“మా అమ్మకు అక్షరం ముక్క రాదండీ,” అన్నాడు దోన్. “ఎక్కడైనా వేలిముద్రే. ఆ అమ్మాయి ఎలా రాస్తే అలాగే ఉండనివ్వండి. మా అమ్మ మొహం నిలబెట్టింది తనేగా.” అని, మొదటిసారి లాయ్‌వైపు నేరుగా చూసి, తప్పుగా అనుకున్నానమ్మా, మనసులో పెట్టుకోకు అన్నాడు.

లాయ్ పేరు కొట్టింది. గీత ఏ మీద పడింది. టీచరమ్మ చూస్తూనే ఉంది, ఎర్రకలం తియ్యలేదు. అచ్చయిన ఫోటోను దోన్ రెండు చేతులతో పట్టుకుని వెళ్లిపోయాడు.

క్వాంగ్ గట్టిగా ఊపిరి వదిలాడు. రాత్రి పులుసు ఇక్కడే తాగి వెళ్దురుగాని అని అందర్నీ పిలిచాడు. “అంతా తేలిపోయింది కదమ్మా లాయ్. రేపు కాస్త పెందలాడే రా, రెండు పనులు ఆగిపోయాయి,” అన్నాడు.

లాయ్ మ్యాక్ ఆపేసి, వెనక గది తాళంచెవి అతని బల్లమీద పెట్టింది.

“రేపట్నుంచి వంతెన అవతల చేరుతున్నానండీ,” అంది.

“అదేమిటి? పేరు నిలబడాలనేగా ఇంత చేసింది?” అని టాన్ ఉండబట్టలేక అడిగేశాడు.

“నిలబడితేనేగా వెళ్లడం కుదిరేది,” అంది లాయ్. “ముందే వెళ్లి ఉంటే దొంగ పారిపోయిందనేవారు.”

ఆమె వానకోటు తొడుక్కుంది. టీచరమ్మ లేచి వెళ్లి తలుపు తెరిచి పట్టుకుంది.